ఎంటర్ మీద వేలు

మార్చి 4, మంగళవారం

అయిపోయింది. రెండు వందల పద్నాలుగు ప్రశ్నలు. ఉద్యోగంలో చేరేటప్పుడు కూడా నన్నెవరూ ఇన్ని అడగలేదు.

కొత్త బోర్డు మీద ఎనిమిది కోర్ల చిప్పు, అంటే లెక్కలు చేసే బుర్రలు ఎనిమిది. నాలుగు పెద్దవి, నాలుగు చిన్నవి. పాతదాని మీద నాలుగే, నాలుగూ ఒకే రకం. పేషెంటు మంచం పక్కన గుండెనీ ఊపిరినీ గీతలుగా చూపించే మా మానిటర్‌ని పదేళ్ళుగా ఆ నాలుగింటితోనే నెట్టుకొచ్చాం. ఇప్పుడు చిప్పూ కొత్తదే, దాన్ని నడిపించే కెర్నెల్ అనే ప్రోగ్రామూ కొత్తదే. పాత సెట్టింగులుండే కాన్ఫిగ్ ఫైలు తెచ్చి కొత్త కెర్నెల్ ముందు పెడితే, అందులో జవాబు దొరకని ప్రతి విషయాన్నీ అది ఒక్కొక్కటిగా అడుగుతుంది. ఇది కావాలా, వద్దా? తన జవాబు తనే ముందుగా అనుకుని ఉంటుంది. అది చాలనుకుంటే ఎంటర్ నొక్కితే సరి.

మొదటి అరవై ప్రశ్నలకూ కుదురుగా కూర్చుని, చదివి, జవాబిచ్చాను. కోర్లెన్ని? ఎనిమిది. పాత ఫైలులో నాలుగని ఉంది. అలాగే వదిలేస్తే మిగతా నాలుగూ జన్మలో కళ్ళు తెరవవు. బరువు పని పెద్దవాటికీ చిల్లర పని చిన్నవాటికీ పంచే ఏర్పాటు కావాలా? కావాలి. ఓడల్లో వాడే రేడియో కావాలా? మాకెందుకు? ఆ తర్వాత వచ్చినవన్నీ ఆ రేడియో లాంటివే. చివర్లో ఎంటర్ మీద వేలు కాస్త బరువుగా ఆనించాను. ప్రశ్నలు వాటంతటవే పైకి పోయాయి. ఈ పని చేసే ప్రతివాళ్ళూ చేసేదే.

సాయంత్రం మామయ్య అడిగారు. "ఇవాళేం చేశావమ్మా?"

"ప్రశ్నలకు జవాబులిచ్చాను."

"అన్నిటికీనా?"

"అన్నిటికీ."

ఆయన నలభై ఏళ్ళు ప్రెస్సులో ప్రూఫులు దిద్దిన మనిషి. "అన్నిటికీ" అన్న మాట వింటే చాలు, కళ్ళజోడు సర్దుకుంటారు. మావారు డ్యాము సర్వేకి వెళ్ళి పది రోజులైంది, ఇంకో రెండు నెలలుంది. అప్పటిదాకా ఇంట్లో నన్ను దిద్దడమే మామయ్యకు పని.

మార్చి 6, గురువారం

పన్నెండు మానిటర్లు ఆసుపత్రికి వెళ్ళాయి. ఒకే వార్డుకి. ఆరు వారాలు ట్రయల్.

బోర్డులు చేసింది బాబాయ్. నాకు బాబాయ్ కాదు, ఆఫీసంతటికీ బాబాయే. యాభై ఏడేళ్ళు. గీసింది ఆయనే, మొదటి పన్నెండింటికీ చేత్తో టంకం పెట్టిందీ ఆయనే. కంటికి లెన్సు బిగించి, ఊపిరి ఆపి, ఒక్కో అతుకూ వేస్తాడు. పని చేస్తూ బోర్డులతో మాట్లాడతాడు. "కదలకే తల్లీ, అయిపోయింది" అంటే నాతోనేమో అనుకుని రెండుసార్లు "ఆఁ" అన్నాను.

పెట్టెలు కట్టేటప్పుడు చెప్పాడు. "ముప్ఫై ఏళ్ళలో ఇంత శుభ్రంగా కుదిరిన బోర్డు ఇదే. దీని తర్వాత పెద్ద బోర్డు కూడా నాకే ఇస్తానన్నాడు మేనేజరు."

నాకూ సంతోషమేసింది.

మార్చి 10, సోమవారం

ఆ వార్డు పెద్ద నర్సు ఫోన్ చేసింది. "మీ మెషిన్ ఊపిరి బిగబట్టుకుంటోందమ్మా" అంది.

"అంటే?"

"గీత పోతూ పోతూ ఆగిపోతోంది. ఒకటీ ఒకటిన్నర సెకను. తర్వాత గబగబా పరిగెత్తి అందుకుంటుంది. పక్కనున్న పాత మానిటర్ బాగానే ఉంది. పేషెంటూ బాగానే ఉన్నాడు. మీదొక్కటే ఇలా."

రోజుకు రెండుమూడుసార్లట. ఒకే మంచం దగ్గర కాదు, ఒక్కోసారి ఒక్కో చోట. ట్రయల్ కాబట్టి ప్రతి మంచానికీ పాత మానిటర్ కూడా తగిలించే ఉంది. ఎవరికీ ఏమీ కాదు. ఎందుకో ఇది ఇంకోసారి రాయాలనిపిస్తోంది. ఎవరికీ ఏమీ కాదు.

ఎంటర్ కీకీ దీనికీ సంబంధం లేదు. అవన్నీ ఓడల రేడియోలు.

మార్చి 11, మంగళవారం

ఇవాళ మూడుసార్లు. బోర్డే అయ్యుండాలి.

మార్చి 13, గురువారం

మీటింగు. మేనేజరు మా ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టి "హార్డ్‌వేరా, సాఫ్ట్‌వేరా?" అన్నాడు. జ్వరమా, జలుబా అని అడిగినట్టు.

నేను చెప్పాను. "కెర్నెల్ సెట్టింగులు పాత మానిటర్‌వే తీసుకొచ్చామండీ. పదేళ్ళు నడిచినవి."

ఇందులో అబద్ధమేమీ లేదు. పాతవి తీసుకొచ్చాను. కొత్తవాటి సంగతి ఎవరూ అడగలేదు.

మేనేజరు బాబాయ్ వైపు తిరిగాడు. బాబాయ్ బోర్డు గీసిన కాగితం దగ్గరికి లాక్కున్నాడు. "చూస్తానండీ" అన్నాడు. ఆయన వాదిస్తాడనుకున్నాను. మామూలుగా ఒక స్క్రూ దగ్గర కూడా వాదిస్తాడు.

మార్చి 14, శుక్రవారం

బాబాయ్‌తో కలిసి వార్డుకు వెళ్ళాను. మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగున్నర దాకా ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని పన్నెండు గీతలు చూశాం. ఎంతసేపు చూసినా బాగానే నడుస్తున్నాయి. పెద్ద నర్సు మా వెనక నిలబడి "మీరొచ్చారని బుద్ధిగా ఉన్నాయి" అంది.

మూడు గంటలకు వార్డు సద్దుమణిగింది. చూడ్డానికి వచ్చినవాళ్ళు వెళ్ళిపోయారు, పేషెంట్లు కునుకు తీశారు. అప్పుడు కిటికీ పక్క మంచం దగ్గర గీత ఆగింది. పక్కనే పాత మానిటర్ మీద గుండె రెండుసార్లు కొట్టుకుంది, మాదాని మీద ఒక్కసారీ లేదు. తర్వాత ఒక్క ఉదుటున అందుకుంది. ఆ పేషెంటు నోరు తెరుచుకుని హాయిగా నిద్రపోతున్నాడు.

బాబాయ్ లేచి మానిటర్ వెనక చెయ్యి పెట్టి చూశాడు. "వేడి కూడా లేదు" అన్నాడు.

పెద్ద నర్సు ఇంకో మాట చెప్పింది. "మేం దగ్గరుండి ఆ తెర మీద ఏదో ఒకటి నొక్కుతూ ఉంటే ఒక్కసారి కూడా ఆగలేదమ్మా. ఎవరూ ముట్టుకోకపోతేనే."

నేను ఆ మాట పుస్తకంలో రాసుకున్నాను. బాబాయ్ కూడా రాసుకున్నాడు. దారిలో ఎవరం దాని గురించి మాట్లాడలేదు. బస్సులో ఆయన తన బొటనవేలినీ చూపుడువేలినీ ఒకదానికొకటి ఆనించి, వణుకుతున్నాయేమోనని చూసుకుంటున్నాడు. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

మార్చి 17, సోమవారం

బాబాయ్‌కి దొరికింది. దొరికిందని ఆయన అంటున్నాడు. చిప్పుకు టైము అందించే చిన్న క్రిస్టల్ ఉంటుంది. దాని పక్కన ఒక అతుకు మెరుపు తగ్గినట్టుందట, అంటే సరిగ్గా అంటుకోనట్టు. నన్ను పిలిచి లెన్సులోంచి చూడమన్నాడు. చూశాను. నాకు అన్నీ ఒకేలా మెరిశాయి.

"మసగ్గా లేదూ?" అన్నాడు.

"ఏమో బాబాయ్, ఉందేమో."

ఉందేమో అన్నాను. నాకు కనిపించలేదని చెప్పాల్సింది.

పన్నెండింటికీ ఆ వరుస మళ్ళీ టంకం పెడతాడట. వార్డులోంచి మూడేసి తెప్పించి, రోజుకు మూడు. "నా కన్నే తప్పింది తల్లీ" అని మామూలు గొంతుతోనే అన్నాడు. ఇవాళ బోర్డులతో మాట్లాడలేదు.

మార్చి 18, మంగళవారం

ఇంకో మూడు బోర్డులు అయ్యాయి. తలనొప్పి. మామయ్య టీ తగ్గించమంటున్నారు.

మార్చి 19, బుధవారం

బాబాయ్ కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చి మధ్యాహ్నం రెండు బోర్డులే చేశాడు. కొత్త అద్దాలకు చీటీ రాశారట. "పెద్ద తేడా ఏమీ లేదన్నాడు, మొహమాటానికి అన్నాడేమో" అన్నాడు. డాక్టర్లకు మొహమాటమెందుకుంటుంది అని నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

ఆయన కళ్ళకేమీ కాలేదని నాకెలా తెలుసు? తెలియదు. నాకు తెలియదు.

మార్చి 20, గురువారం

తర్వాతి పెద్ద బోర్డు పని బయటి కంపెనీకి ఇస్తున్నారు. మేనేజరు బాబాయ్‌ని గదిలోకి పిలిచి చెప్పాడు. ఇక నుంచి ఆయన స్టోర్సులో వచ్చే విడిభాగాలకు ఫారాలు నింపుతాడు. ముప్ఫై ఏళ్ళ మనిషి. తలుపు తీసుకుని బయటికొచ్చి, మధ్యలో ఆపిన పనిని చూశాడు. పదకొండు బోర్డులయ్యాయి. పన్నెండోది బల్ల మీదే ఉంది, ఇంకా ముట్టుకోలేదు.

తిన్నగా నా దగ్గరికి వచ్చాడు. జేబులోంచి లెన్సు తీసి నా బల్ల మీద పెట్టాడు. "నీ దగ్గరుంచుకో. ఎప్పుడైనా బోర్డు చూడాల్సొస్తే పనికొస్తుంది. నాకిప్పుడు ఫారాలకు మామూలు కళ్ళజోడు చాలు."

"థాంక్స్ బాబాయ్" అన్నాను.

థాంక్స్ అన్నాను.

మార్చి 21, శుక్రవారం

లెన్సు బల్ల మీద ఉంది. ఫ్యాను గాలికి కాగితాలు ఎగిరిపోకుండా దాన్ని పెట్టాను.

మార్చి 22, శనివారం

పెద్ద నర్సు మళ్ళీ ఫోన్ చేసింది. టంకం పెట్టి పంపిన మానిటర్లు కూడా ఆగుతున్నాయట. "మీరు బాగుచేశామన్నవే మరీ మొండికేస్తున్నాయి" అంది. మేనేజరు అయితే బోర్డు మొత్తం మార్చేద్దామన్నాడు. ఇక బాబాయ్ మాట ఎవరూ ఎత్తడం లేదు. అడగాల్సిన అవసరం లేని మనిషైపోయాడు.

పాత కాన్ఫిగ్‌కీ కొత్తదానికీ తేడాలన్నీ కాగితం మీదికి తీశాను. పదిహేను పేజీలు. ఊరికే, మనశ్శాంతి కోసం.

మార్చి 23, ఆదివారం

పొద్దున కాఫీ అయ్యాక ఆ పదిహేను పేజీలు ముందేసుకుని కూర్చున్నాను. మూడో పేజీకి కళ్ళు జారిపోతున్నాయి. మామయ్య పేపరు మడిచి అడిగారు. "ఏమిటవి, ప్రూఫులా?"

"అలాంటివే. ఎడమ పక్క పాతవి, కుడి పక్క కొత్తవి. తప్పెక్కడుందో చూడాలి."

"ఒక్కదానివే చూస్తే తప్పు దొరకదు. నీ కన్ను నువ్వు అనుకున్నదే చదువుతుంది. ఒకరు పైకి చదవాలి, ఒకరు చూడాలి. ప్రెస్సులో అంతే."

"మీకు ఇందులో ఒక్క ముక్క అర్థం కాదు మామయ్యా."

"ఇంకా మంచిది. అర్థమైతే అర్థం వెంటపడి అక్షరాలు వదిలేస్తాం. నేను లెక్కల పుస్తకాలు కూడా దిద్దాను. నాకు లెక్కలు వచ్చా?"

సరే, ఆయన పెన్సిలు చెక్కి కూర్చున్నారు. కుర్చీ కిటికీ వైపు లాక్కున్నారు. కామాలూ చుక్కలూ గీతలూ అన్నీ పలకమన్నారు. కాగితాలు ఆయనకిచ్చి, లాప్‌టాప్‌లో చూస్తూ నేను చదవడం మొదలుపెట్టాను. పది గంటలకు మొదలుపెడితే మధ్యాహ్నం రెండున్నరైంది. మధ్యలో అన్నం తిన్న పావుగంట తప్ప ఆపలేదు. ఆ తిన్నదీ ఏం తిన్నానో గుర్తులేదు. ఆయన ఒక్కసారి కూడా అడ్డు తగలలేదు. అప్పుడప్పుడు పెన్సిలు కాగితం మీద చిన్న చప్పుడు చేసేది.

చివరి పేజీ అయ్యాక ఆయన కాగితాలు నా వైపు తిప్పారు. మార్జిన్లో మూడు టిక్కులున్నాయి.

"ఇవి తప్పులా?" అన్నాను.

"తప్పులు నాకేం తెలుసు? ఈ మూడు చోట్లా నువ్వు వేగం పెంచావు."

"అలిసిపోయుంటాను."

"అలిసిపోతే గొంతు తగ్గుతుంది, వేగం పెరగదు." పెన్సిలు చెవిమీద పెట్టుకున్నారు. "ఒకసారి ఎక్కాల పుస్తకం దిద్దాను. ఎనిమిదేళ్ళు యాభై ఆరుకు బదులు యాభై నాలుగని పడింది. నేను చూశాను. అప్పటికే అచ్చు ఫారం మిషనెక్కింది, ఆపితే ఓనరు మండిపడతాడు. చూడలేదనుకున్నాను. నిజంగానే చూడలేదనుకున్నానమ్మా, నన్ను నేను నమ్మించుకున్నాను. మర్నాడు అచ్చయిన కాగితం నేను పైకి చదువుతున్నాను, నా ఎదురుగా కూర్చుని చూసేవాడు 'ఏంటి, ఎనిమిదో ఎక్కం దగ్గర పరిగెత్తావు' అన్నాడు. అప్పటికి నాలుగు వేల కాపీలు కుట్టేశారు."

"ఏం చేశారు?"

"చెప్పాను. ఓనరు తిట్టాడు. దానికేం, తిట్లు ఎండిపోతాయి. కానీ ఆ ఒక్క రాత్రి చూడలేదని నన్ను నేను నమ్మించుకున్నానే, అది మాత్రం ఇప్పటికీ గుర్తుంది." తర్వాత మూడో టిక్కు మీద వేలు పెట్టారు. "ఇదేమిటి?"

చెప్పాను. పని లేనప్పుడు కోర్‌ని గాఢ నిద్రలోకి పంపించే ఏర్పాటు అది. కరెంటు ఆదా అవుతుంది. పాత కెర్నెల్లో అది వద్దని పదేళ్ళ కిందట ఎవరో పెట్టారు. ఎందుకు వద్దో రాయలేదు. కొత్త కెర్నెల్లో ఆ ఏర్పాటు వేరే పేరుతో వచ్చింది. కాబట్టి పాత జవాబు దానికి అంటలేదు, మళ్ళీ అడిగింది. అడిగినప్పుడు దాని ముందస్తు జవాబు అవును అని.

"నువ్వేమన్నావు?"

"ఎంటర్."

"నిద్రలోంచి లేపేదెవరు?"

"ప్రతి కోర్‌కీ సొంత గడియారం ఉంటుంది. టైముకి అది లేపుతుంది."

"గాఢ నిద్రలో ఆ గడియారం నడుస్తుందా?"

నాకు తెలిసిన విషయమే, చదువుకునే రోజుల్నుంచీ తెలుసు. కొన్ని చిప్పుల్లో గాఢ నిద్రలోకి వెళ్తే సొంత గడియారం కూడా ఆగుతుంది. అప్పుడు పక్క కోర్ లేపాలి. ఆ పక్కవాడికి లేపమని చెప్పే ఏర్పాటు వేరే ప్రశ్న. అది ఎంటర్ కింద పోయిన మరో ప్రశ్న, రెండో టిక్కు దానిదే. గీత గీసే పనిని నేనే ఒక చిన్న కోర్‌కి కట్టేశాను. వార్డు సద్దుమణిగితే ఆ కోర్‌కి గీతకూ గీతకూ మధ్య పని ఉండదు. ఎవరో ఒకరు తెర ముట్టుకుంటే మేలుకుంటుంది.

"అది కాదులెండి" అన్నాను.

"సరేనమ్మా" అని ఆయన మళ్ళీ పేపరు విప్పారు.

మార్చి 24, సోమవారం

అదే.

బాబాయ్ ముట్టుకోని ఆ పన్నెండో బోర్డు తీసుకుని రెండు రకాలుగా కెర్నెల్ కట్టి చూశాను. నిద్ర ఉంచితే, కదపకుండా వదిలేసిన ముప్పావుగంటకు గీత ఆగింది. సాయంత్రం దాకా నాలుగుసార్లు ఆగింది. నిద్ర తీసేస్తే ఐదు గంటల్లో ఒక్కసారీ ఆగలేదు. క్రిస్టల్ బాగుంది. అతుకులు బాగున్నాయి. ఆయన కన్ను బాగుంది.

రేపు చెప్పాలి.

మార్చి 25, మంగళవారం

మేనేజరు ఊళ్ళో లేడు. బాబాయ్ ఉన్నాడు. స్టోర్సు ముందు నుంచి రెండుసార్లు వెళ్ళాను. ఫారాలు నింపుతున్నాడు, అందంగా, అచ్చుగుద్దినట్టు. ఇద్దరికీ ఒకేసారి చెప్పడం మంచిదనుకున్నాను.

మార్చి 26, బుధవారం

బాబాయ్ సెలవు. హమ్మయ్య అనుకుని నాలుక కరుచుకున్నాను.

మార్చి 27, గురువారం

చెప్పాను.

మేనేజరు గదిలో ముగ్గురం. లోపలికి వెళ్ళాక కాసేపు నీళ్ళు నమిలాను. "ఒక పాయింటు చూశానండీ, దాన్ని ఇంకొంచెం పరిశీలించాలేమో" అని ఏదో మొదలుపెట్టాను. నా గొంతు నాకే రోతగా వినిపించింది. ఆపి, మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. "తప్పు నాది. బోర్డుది కాదు. రెండు వందల పద్నాలుగు ప్రశ్నల్లో నూట యాభై నాలుగు చదవకుండా ఎంటర్ నొక్కి వదిలేశాను. అందులో రెండు ఇవి."

సోమవారం పరీక్ష కాగితాలు చూపించాను. మేనేజరు చాలాసేపు చూశాడు. "అంతా రాసి ఇవ్వండి. మీ పేరుతో" అన్నాడు. ఇస్తానన్నాను. పెద్ద బోర్డు సంగతి అడిగితే, బయటి కంపెనీతో మాటైపోయింది, చూద్దాం అన్నాడు. ఆ చూద్దాంలో ఏముందో నాకు తెలియదు.

బాబాయ్ కుర్చీలో ముందుకు వంగి ఆ కాగితాల మీద ముప్పావుగంట అన్న అంకెనే చూస్తున్నాడు. నన్ను తిట్టలేదు. తిడతాడని సిద్ధపడి వెళ్ళాను, ఆ తిట్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

తలుపు దగ్గర ఒకే ఒక్కటి అడిగాడు. "నీకెప్పుడు తెలిసింది తల్లీ?"

"సోమవారం."

తలూపాడు. "సరేలే. మూడు రోజులే కదా" అన్నాడు.

మార్చి 28, శుక్రవారం

మొదటి ప్రశ్న నుంచి మళ్ళీ మొదలుపెట్టాను. ఒక్కొక్కటే చదివి. సాయంత్రానికి డెబ్భై ఒకటి అయ్యాయి. ఓడల రేడియో కూడా మొత్తం చదివాను.

మార్చి 29, శనివారం

నూట అరవై.

రిపోర్టు రాయాలి కదా, ఏ తేదీన ఏం జరిగిందో చూద్దామని ఈ పుస్తకం తీశాను. నాలుగో తేదీ నుంచి చదివాను. కళ్ళతో చదివితే అంతా సవ్యంగానే ఉంది, పాపం ఈవిడ ఏం చేస్తుంది, తెలియలేదు, తెలిశాక చెప్పింది. అప్పుడు తలుపు వేసుకుని పైకి చదివాను, మామయ్య చదివించినట్టు, చుక్కలతో సహా.

పదో తేదీ దగ్గర పరిగెత్తాను.

"ఎంటర్ కీకీ దీనికీ సంబంధం లేదు." ఆ రోజు నన్ను ఎంటర్ కీ గురించి ఎవరడిగారు? నర్సు అడగలేదు. మేనేజరు అడగలేదు. ఈ పుస్తకం చదివేది నేనొక్కదాన్నే. లేదని ఎవరికి చెప్పుకున్నాను?

సోమవారం కాదు. పది. బాబాయ్ టంకం పెట్టిన రోజు నాకు తెలుసు. కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళిన రోజు తెలుసు. లెన్సు నా బల్ల మీద పెట్టినప్పుడు తెలుసు, తెలిసే థాంక్స్ అన్నాను. సిగ్గుగా ఉంది. ఎంత సిగ్గుగా ఉందంటే, ఈ పేజీ చింపేద్దామని కూడా చూశాను.

మార్చి 30, ఆదివారం

మిగిలిన యాభై నాలుగూ ఇంట్లోనే పూర్తిచేశాను. మామయ్య "ఏమైందా మూడు టిక్కుల సంగతి?" అని అడిగారు. చెప్పాను. రెండు టిక్కులు తప్పులే. మొదటిది తప్పు కాదు, కానీ అదీ నేను చదవనిదే.

"చెప్పాల్సినవాళ్ళకి చెప్పావా?"

"చెప్పాను. ఒక అంకె తప్పు చెప్పాను."

ఆయన చెవిమీంచి పెన్సిలు తీసి నాకిచ్చారు.

మార్చి 31, సోమవారం

కొత్త కెర్నెల్ శుక్రవారం వార్డుకు వెళ్తుంది. పొద్దున పెద్ద నర్సుకు ఫోన్ చేసి జరిగింది చెప్పాను. "అంటే మీ మెషిన్ పని మధ్యలో నిద్రపోయిందన్నమాట. మా దగ్గర అలా నిద్రపోతే ఉద్యోగం ఊడుతుంది" అంది. నిజమేనన్నాను.

తర్వాత లెన్సు తీసుకుని స్టోర్సుకు వెళ్ళాను. బాబాయ్ ఫారాలు పక్కకు తోసి, పన్నెండో బోర్డుని ముందు పెట్టుకుని కూర్చున్నాడు. మొన్న శుక్రవారం నేనే అక్కడ వదిలేసి వచ్చాను. లెన్సు ఆయన ముందు పెట్టాను.

"బాబాయ్, సోమవారం అన్నది అబద్ధం. నర్సు ఫోన్ చేసిన రోజే నాకు తెలుసు. మార్చి పది. పదిహేడు రోజులు."

ఆయన లెన్సు వైపు చూశాడు. ముట్టుకోలేదు.

"నేను అతుకు చూపించినప్పుడు నీకు మసగ్గా కనిపించిందా?"

"లేదు. అన్నీ మెరుస్తూ కనిపించాయి."

"మరి ఉందేమో అన్నావు."

"అన్నాను."

ఆయన వేళ్ళు బల్ల అంచుని పట్టుకున్నాయి. "మా ఇంటావిడతో చెప్పాను, ఇక టంకం పట్టుకోనని. కళ్ళు పోతున్నాయని చెప్పాను. ఆవిడ రెండు రోజులు సరిగ్గా తినలేదు." గొంతు పెంచలేదు. ఆయన గొంతు పెంచి ఉంటే బాగుండేది.

నాకు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. ఆయన ఓదార్చలేదు, ఓదార్చక్కర్లేదు కూడా. నేను ముక్కు తుడుచుకునేదాకా చూసి, బోర్డుని నా వైపు జరిపాడు. లెన్సు నా చేతిలో పెట్టాడు.

"నువ్వు పరీక్ష చేసింది దీని మీదే కదా. దీన్ని నేను మళ్ళీ ముట్టుకోలేదు. మొదటి రోజు వేసిన అతుకులే. క్రిస్టల్ పక్క వరుస. చూసి చెప్పు."

కంటికి లెన్సు బిగించుకుని వంగాను. "బాగున్నాయి బాబాయ్."

"అన్నీనా?"

నోటిదాకా వచ్చిన మాటని ఆపుకున్నాను. ఆ వరుసలో ఇరవై నాలుగు అతుకులున్నాయి. ఎడమ నుంచి మొదలుపెట్టాను. మొదటిది చూశాను, బాగుందన్నాను. రెండోది చూశాను, బాగుందన్నాను. ఒక్కొక్కదాని దగ్గరా ఆగి, చూసి, పైకి చెప్పాను. పదో అతుకు దగ్గర మెడ నొప్పి పుట్టింది. ఆయన చాలనలేదు. ఇరవై నాలుగోది చెప్పాక చెయ్యి చాపి లెన్సు తీసుకున్నాడు, చొక్కా అంచుతో తుడిచి జేబులో వేసుకున్నాడు.